పంకా వచ్చాక

ఎన్నూరు దగ్గర నెట్టుకుప్పం ఇసుకలో నాలుగైదు ఫైబర్ బోట్లు ఒడ్డుకు లాగి ఉన్నాయి. ఒకదాని వెనక నుంచి పొడుగాటి ఇనుప ఇరుసు బయటికి చాచి ఉంది. దాని కొసన మూడు రెక్కల పంకా. రెక్కల అంచులు రంపప్పళ్లలా గాట్లు పడి ఉన్నాయి. వేలితో తడిమితే ఒక్కో గాటు ఒక్కో లోతు.

"రాళ్లా అన్నా?" అని అడిగాను. పక్కన కూర్చుని వల చిక్కులు విప్పుతున్న మనిషి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కళాసీ. కొన్నేళ్లు చెన్నై కాశిమేడులో మరపడవ మీద పనిచేసి, ఇప్పుడు ఇక్కడ తెలిసినవాళ్ల బోటులో వేటకు వెళ్తున్నాడు.

"రాళ్లే బాబూ. మొగ దగ్గర ఇసక మేటలు, రాళ్లు. అవి తగిల్తే టకటకమంటాది. ఒక్క దినం మాత్రం మెత్తగా తగిలినాది. ఇంజను ఆపేసినాం. నీళ్లల్లో నెత్తురు కనిపించినాది గాని జంతువు కనిపించలేదు. దానికి గాటు పడలేదు, చూడండి."

చూశాను. తగిలిన ప్రతి రాయికీ ఆ పంకా మీద గుర్తుంది. ఆ జంతువుకు లేదు. ఏ కాగితం మీదా లేదు. చిన్న పడవా, డాల్ఫినో తిమింగలమో ఒకదానికొకటి తగలడం అనే ఈ ప్రమాదం ఎప్పుడు పుట్టిందో, దాన్ని తగ్గించే ఉపాయాలు ఎవరికి ఎలా తట్టాయో వెతుక్కుంటూ పోతే, మొదటి నుంచి చివరి దాకా అడ్డొచ్చే సమస్య ఈ లేని గాటే.

చెన్నైకి ఉత్తరాన ఉన్న ఎన్నూరు మనకు పరాయి ఊరేమీ కాదు. మన నగరి నది పూండి జలాశయం దగ్గర కొసస్తలై నదిలో కలుస్తుంది. ఆ నీళ్లు సముద్రాన్ని చేరేది ఎన్నూరు దగ్గరే. నది మొగ పక్కన నెట్టుకుప్పం, తాళంకుప్పం వంటి జాలరి పేటలు. ఉత్తరాన బొగ్గు విద్యుత్ కేంద్రాలు, 2001లో మొదలైన కామరాజర్ ఓడరేవు, ఆ పైన కాట్టుపల్లి రేవు. తెల్లవారుజామున వల వేసి తిరిగొచ్చే చిన్న పడవ ఒకవైపు, బొగ్గు మోసుకొచ్చే ఓడ ఇంకొకవైపు, రెండిటికీ ఉన్నవి అవే నీళ్లు. ఆ నీళ్లలోనే డాల్ఫిన్లు కూడా తిరుగుతాయి.

ఈ తీరానికి ఒకప్పుడు పంకా తెలియదు. తెలిసిందల్లా తెప్ప. మూడో నాలుగో దుంగలను తాళ్లతో బిగించి కట్టి, ఒడ్డుకు రాగానే విప్పి ఆరబెట్టే కట్టుమరం. విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ తీరపు తెప్పల గురించి రాశాడు. ప్రపంచమంతా ఇప్పుడు కాటమరాన్ అంటున్న మాట మన పక్కింటి తమిళ మాటే. తెప్పకు తెరచాప, తెడ్డు తప్ప మరేమీ లేవు. నీళ్లలో కోసే భాగం ఒక్కటీ లేదు. డాల్ఫిన్ వచ్చి దుంగకు రాసుకున్నా ఎవరికీ నొప్పి లేదు.

ఆ తెప్పల కాలంలో మన జాలర్లకు ఈ జంతువులతో ఉన్న పరిచయం ఎంత గాఢమైనదో చెప్పడానికి ఒక గొప్ప సాక్ష్యం ఉంది. తెలుగువాళ్లలో చాలామందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

వాల్టర్ ఎలియట్ పేరు అమరావతి స్తూపం చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1845లో అక్కడ తవ్వకం జరిపి శిల్పాలను మద్రాసుకు పంపించిన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్న ఆ రోజుల్లోనే ఆయన విశాఖపట్నం జాలర్ల వలల్లో పడ్డ వింత జంతువులను సేకరించడం, వాటి బొమ్మలు గీయించడం చేశాడు. 1852లో విశాఖ రేవులో దొరికిన ఒక పొట్టి ముక్కు డాల్ఫిన్ ఆ సేకరణలోనిదే. అవన్నీ లండన్‌లో రిచర్డ్ ఓవెన్ చేతికి చేరాయి. డైనోసార్ అనే మాటను పుట్టించిన శాస్త్రవేత్త ఆయనే. 1866లో ఓవెన్ వాటిని వర్ణించి, శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఇవాళ ఇరావాడి డాల్ఫిన్ అని లోకమంతా పిలిచే ఆ పొట్టి ముక్కు జంతువు శాస్త్రానికి తొలిసారి పరిచయమైంది బర్మాలోని ఇరావతి నదిలో కాదు, మన విశాఖ రేవులో. మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం కూడా విశాఖ నుంచే శాస్త్ర గ్రంథాలకెక్కింది. ఇంకొక డాల్ఫిన్‌కు ఓవెన్ పెట్టిన పేరు డెల్ఫినస్ గడము. ఆ గడము లాటిన్ కాదు, గ్రీకు కాదు. విశాఖ జాలర్లు ఆ జంతువును పిలుచుకున్న పేరు. దాన్నే ఎలియట్ రాసుకున్నాడు, ఓవెన్ అచ్చు వేశాడు.

చదువురాని వేటగాళ్ల నోటి మాటను ఒకడు పుస్తకంలోకి ఎక్కించాడు కాబట్టే ఆ జంతువుల లెక్క మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక పంకా సంగతి. 1979లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ స్వీడన్ డబ్బుతో బంగాళాఖాతం చిన్న జాలర్ల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. దాని కార్యాలయం మద్రాసులోనే. బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అని పేరు. ఓయివిన్ గుల్‌బ్రాండ్‌సెన్ అనే నార్వే పడవల రూపశిల్పి అందులో పనిచేశాడు. వాళ్ల ముందున్న చిక్కు చాలా కష్టమైనది. మన తూర్పు తీరంలో చాలాచోట్ల రేవులు లేవు. పడవ నేరుగా అలలను చీల్చుకుని ఇసుక మీదికి రావాలి. ఇంజను పెడితే పంకా కింద ఉంటుంది, ఇసుకకు కొట్టుకుని విరుగుతుంది. విరగకూడదంటే పంకా పైకి లేవాలి.

అలా పుట్టింది బాబ్ డ్రైవ్. ఇంజనూ ఇరుసూ పంకా కలిసి ఒక కీలు మీద తిరిగి పైకి లేస్తాయి. ఇరుసు పడవ అడుగు నుంచి బయటికి వచ్చే చోట నీళ్లు రాకుండా ముడతలున్న రబ్బరు తొడుగు. ఇసుక దగ్గరపడగానే సరంగు మీట లాగితే పంకా లేచి కూర్చుంటుంది. 1980లలో ఈ ఏర్పాటుతో ఒడ్డుకెక్కే పడవలు ఆంధ్ర తీరంలో దిగాయి. నెట్టుకుప్పంలో నేను చూసినది దీనికి పేదింటి చుట్టం. పొడుగాటి ఇరుసును పిడి పట్టుకుని నొక్కితే చాలు, పంకా నీళ్లలోంచి పైకి లేస్తుంది. ఇసుక కోసం చేసిన ఏర్పాటే డాల్ఫిన్ పిల్ల ఎదురొచ్చినప్పుడు పనికొస్తుందని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు. కానీ పనికొస్తుంది. ఇంజను ఆపేదాకా ఆగక్కర్లేదు. పిడి మీద చెయ్యి ఉన్నవాడు ముందుకు చూస్తూ ఉంటే ఒక్క క్షణంలో కత్తి నీళ్ల బయట ఉంటుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తెప్పలు, పడవలు పోయిన కుటుంబాలకు ప్రభుత్వాలూ స్వచ్ఛంద సంస్థలూ పోటీలుపడి ఫైబర్ బోట్లు, ఇంజన్లు ఇచ్చాయి. ఇచ్చినవాళ్ల మంచి మనసును తప్పుపట్టను. అయితే ఈ తీరంలో తెప్ప వెనకపడి పంకా ముందుకు రావడానికి ఆ ఒకటి రెండు సంవత్సరాలే పెద్ద మలుపు. వందల ఏళ్ల పాటు మెల్లగా మారిన సముద్రం, చూస్తుండగానే చప్పుడు సముద్రమైంది.

ఇప్పుడు కాసేపు దూరం వెళ్లాలి, ఎందుకంటే ఢీకొనడాన్ని తగ్గించే లెక్కలు ముందుగా జరిగింది అట్లాంటిక్ ఒడ్డున.

అమెరికా, కెనడాల తూర్పు తీరంలో రైట్ వేల్ అనే తిమింగలం ఉంది. మెల్లగా ఈదుతుంది, ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది, చచ్చినా తేలుతుంది. వేటకు అన్నివిధాలా అనువైనదని దానికి ఆ పేరు వచ్చిందంటారు. వేట ఆగాక కూడా దాని సంఖ్య ఆశించినంత పెరగలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలను కోసి చూస్తే ఎముకలు విరిగి, వీపున వరసగా పంకా కోతలు. అంత బాగా వినే జంతువుకు అంత పెద్ద ఓడ చప్పుడు వినపడదా? అదే అందరి సందేహం. వినపడే తీరులోనే తిరకాసు ఉంది. పంకా చప్పుడు ఓడ వెనక్కీ పక్కలకూ బాగా పాకుతుంది, ముందువైపు ఓడ ఒళ్లే దానికి అడ్డం. పైగా నీటిమట్టానికి దగ్గరగా చప్పుడు బలహీనపడుతుంది. ఊపిరి కోసం పైకి వచ్చిన జంతువు సరిగ్గా ఆ నిశ్శబ్దపు జాగాలోనే ఉంటుంది.

అలాగైతే ముందే హెచ్చరిక చప్పుడు పంపితే సరిపోతుంది కదా? చాలామందికి ముందు తట్టే ఉపాయం అదే. డగ్లస్ నొవాచెక్, మార్క్ జాన్సన్, పీటర్ టయాక్ అనే పరిశోధకులు కెనడాలోని బే ఆఫ్ ఫండీలో రైట్ వేల్స్ వీపులకు చూషకాలతో అతుక్కునే చిన్న యంత్రాలు పెట్టి దీన్ని పరీక్షించారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. ఓడ చప్పుడు వినిపిస్తే అవి పట్టించుకోలేదు. హెచ్చరిక చప్పుడు వినిపిస్తే ఆరింటిలో ఐదు మేత మానేసి, గట్టిగా తోక కొడుతూ పైకి లేచి, నీటిమట్టానికి కొద్దిగా కింద ఈదుతూ ఉండిపోయాయి. ఓడ కొట్టడానికి అంతకంటే అనువైన చోటు లేదు. కాపాడాల్సిన గంట చంపే గంట అయ్యేది. ఈ ప్రయోగం జరగకుండానే ఓడలకు సైరన్లు బిగించి ఉంటే ఏమయ్యేదో ఊహిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

నిలబడిన ఉపాయాలు రెండే. ఒకటి తప్పుకోవడం, రెండు మెల్లగా పోవడం.

తప్పుకోవడం ముందు వచ్చింది. బే ఆఫ్ ఫండీలో ఓడల దారి సరిగ్గా ఈ తిమింగలాలు మేతకు చేరే చోటు మీదుగా పోయేది. ఏళ్ల తరబడి పడవల మీద తిరిగి ఎక్కడ ఎన్ని కనిపించాయో పటం మీద చుక్కలు పెట్టిన మొయిరా బ్రౌన్ వంటివాళ్లు ఆ చుక్కలను తీసుకెళ్లి ఓడల కంపెనీల ముందు పరిచారు. 2003 జూలై 1 నుంచి దారి తూర్పుకు జరిగింది. ఒక జంతుజాతి కోసం అంతర్జాతీయ సముద్ర సంస్థ ఆమోదంతో ఓడల దారి మారడం అదే మొదలు.

మెల్లగా పోవడానికి లెక్క హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో తేలింది. ఏంజెలియా వాండర్‌లాన్, క్రిస్టఫర్ టగార్ట్ అంతకుముందు నమోదైన ఢీలను పోగుచేసి, వేగానికీ చావుకూ ఉన్న సంబంధాన్ని 2007లో గీత గీసి చూపించారు. 15 నాట్ల వేగంతో కొడితే తిమింగలం చచ్చే అవకాశం దాదాపు 80 శాతం. 8.6 నాట్లకు దిగితే దాదాపు 20 శాతం. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. మధ్యలో ఆ గీత ఎంత నిటారుగా లేస్తుందో చూస్తే, గంటకు పది పన్నెండు కిలోమీటర్ల తేడాలో ఒక ప్రాణం ఉందని అర్థమవుతుంది. 2008 డిసెంబరు నుంచి అమెరికా తూర్పు తీరంలో నిర్ణీత కాలాల్లో, నిర్ణీత చోట్ల 65 అడుగులు, అంతకంటే పొడవైన నౌకలు 10 నాట్లు దాటకూడదని నియమం వచ్చింది.

ఇక్కడే చిన్న పడవ మళ్లీ కథలోకి వస్తుంది. 65 అడుగుల లోపు వాటిని ఎవరూ పట్టించుకోలేదు, చిన్నవి ఏం చేస్తాయిలే అని. 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడా తీరంలో 54 అడుగుల చేపల వేట పడవ ఒకటి 21 నాట్ల వేగంతో పోతూ రైట్ వేల్ పిల్లను కొట్టింది. పిల్ల చచ్చిపోయింది. పడవలోకి నీళ్లు వచ్చి, మునగకుండా ఉండడానికి నిస్సహాయంగా ఒడ్డుకు ఎక్కించాల్సి వచ్చింది. 2022లో 35 అడుగుల పడవల దాకా నియమాన్ని పొడిగిద్దామని ప్రతిపాదన వచ్చింది. వేటగాళ్లూ పడవల వాళ్లూ గట్టిగా వ్యతిరేకించారు. 2025 జనవరిలో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. వ్యతిరేకించినవాళ్లను దుర్మార్గులని నేను అనను. ఆలస్యమైతే చేప ధర పడిపోయేవాడికి ఆ బాధ తెలుసు. కానీ ఢీ అనేది జంతువు ఒక్కదాని కష్టం కాదు. 2022 సెప్టెంబరు 10న న్యూజిలాండ్‌లోని కైకోరా దగ్గర ఒక చిన్న పడవ బోల్తాపడి ఐదుగురు చనిపోయారు. కింద నుంచి తిమింగలం తగిలి ఉంటుందని అనుమానించారు. ఓడకు చుట్టుకోని ప్రమాదం పడవకు చుట్టుకుంటుంది. ఓడలో ఉన్నవాడికి తగిలిన సంగతే తెలియదు, పడవలో ఉన్నవాడు నీళ్లలో ఉంటాడు.

జాలర్ల వైపు నుంచి పుట్టిన ఉపాయం ఒకటుంది. అది ఢీకి కాదు, వలకు. అయినా ఈ కథలో దాని చోటు దానిదే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1970ల చివర కాడ్ చేపల వలల్లో హంప్‌బ్యాక్ తిమింగలాలు చిక్కుకోవడం ఎక్కువైంది. తిమింగలం చస్తుంది, వల చిరుగుతుంది, జాలరి అప్పులపాలవుతాడు. మెమోరియల్ విశ్వవిద్యాలయంలో జంతువుల ప్రవర్తన చెప్పే జాన్ లీన్ అనే ఆచార్యుడికి జాలర్లు కబురు పెట్టారు. ఆయన చిన్న రబ్బరు పడవలో వెళ్లి, వల వీలైనంత పాడవకుండా తాళ్లు కోసి తిమింగలాలను వదిలేవాడు. జీవితకాలంలో అలా వందల వాటిని విడిపించాడు. వల బతికితేనే జాలరి తనను మళ్లీ పిలుస్తాడని ఆయనకు తెలుసు. ఆ తర్వాత తిమింగలం ముందే వలను పసిగట్టేలా వలకు చప్పుడు చేసే పరికరాలు కట్టించాడు. ఇవాళ పింగర్లు అంటున్న పరికరాల తొలి తరంలో అవీ ఉన్నాయి.

వాటికి గట్టి రుజువు 1994లో గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో దొరికింది. స్కాట్ క్రౌస్ బృందం కొన్ని వలలకు మోగే పింగర్లు, కొన్నిటికి మోగని ఉత్త డబ్బాలు కట్టింది. ఏది మోగుతుందో జాలర్లకు కూడా చెప్పలేదు. మోగని వలల్లో డాల్ఫిన్ చుట్టాలైన పోర్పాయిస్‌లు 25 చిక్కాయి, మోగిన వాటిలో 2. జాలర్లు పట్టాలనుకున్న చేపలు మాత్రం రెండిట్లో ఇంచుమించు సమానంగా పడ్డాయి. 1997లో నేచర్ పత్రికలో అచ్చయిన ఈ ఫలితం ప్రపంచమంతా పాకింది. అయితే పోర్పాయిస్ పిరికిది, డాల్ఫిన్ తెలివైనది. కొన్నిచోట్ల చప్పుడు వినగానే వలలో చేప ఉందని దగ్గరికి వచ్చే జంతువులూ కనిపించాయి. బ్యాటరీ అయిపోతే పింగర్ ఉత్త డబ్బా. నెలకింత అని వడ్డీ కట్టే ఎన్నూరు జాలరికి వల పొడుగునా పింగర్లు కొనమని చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

మన దగ్గరలో ఈ చిక్కును ఎదురుగా చూసినది చిలికా సరస్సు. విశాఖలో దొరికి పేరు పొందిన ఇరావాడి డాల్ఫిన్‌కు భారతదేశంలో ఇప్పుడు ప్రధానమైన ఇల్లు అదే. ఉన్నవి 150కి అటూ ఇటూ. 2000 సెప్టెంబరులో సరస్సుకు కొత్త సముద్ర ముఖం తవ్వాక నీళ్లు బాగుపడ్డాయి, చేప పెరిగింది. దాంతోపాటు సాతపడ దగ్గర డాల్ఫిన్లను చూపించే ఇంజను పడవలూ పెరిగాయి. నెట్టుకుప్పంలో చూసినలాంటి పొడుగు ఇరుసు ఇంజన్లే. ఊపిరికి పైకి లేచిన డాల్ఫిన్‌ను చూడాలని పదిమంది ఒకేసారి పడవ తిప్పితే దాని వీపు ఎవరి పంకా కింద ఉంటుందో ఎవరికి తెలుసు? పంకా కోతలతో చచ్చిన డాల్ఫిన్లు అక్కడ దొరికాయి. పడవల వాళ్లకు శిక్షణ ఇవ్వడం, దూరం నుంచే ఇంజను తగ్గించమనడం, పంకా చుట్టూ కంచె బిగించమనడం అన్నీ ఆ తర్వాత వచ్చినవే. కంచె గురించి ఒక మాట. అది రెక్క కోయకుండా ఆపుతుంది, కానీ వేగంగా వచ్చే పడవ ఒళ్లు కొట్టే దెబ్బను ఆపదు. పైగా నీటిని పట్టి లాగి డీజిల్ ఎక్కువ తాగిస్తుంది. సరస్సులో పనికొచ్చినంత సముద్రపు అలల్లో పనికిరాదు.

మళ్లీ ఎన్నూరుకు వస్తాను. ఇక్కడి చిన్న ఫైబర్ బోటు ఫ్లోరిడా పడవలా 21 నాట్లతో పోదు. బరువూ తక్కువ. పెద్ద తిమింగలాన్ని అది చంపుతుందని భయపెట్టడం తప్పు. దాని వల్ల వచ్చే ముప్పు డాల్ఫిన్లకూ వాటి పిల్లలకూ, అదీ పంకాతో. పెద్ద తిమింగలాలకు అసలు ముప్పు ఓడలతో. 2017 జనవరి 28 తెల్లవారుజామున కామరాజర్ రేవు ముందు బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. నల్లటి చమురు ఎర్ణావూరు తీరానికి ముద్దలు ముద్దలుగా వచ్చి పడింది. జాలర్లూ యువకులూ బకెట్లతో ఎత్తిపోశారు. రాడారూ రేడియో ఉన్న రెండు ఇనుప ఓడలే ఒకదాన్నొకటి చూసుకోని చోట, ఏ తెర మీదా కనిపించని జంతువు సంగతి చెప్పేదేముంది?

ఓడల విషయంలో మనకు పొరుగున ఒక మంచి ఉదాహరణ ఉంది. పడమటి దేశాల నుంచి ఎన్నూరుకు, కాకినాడకు, విశాఖకు వచ్చే ఓడలు చాలావరకు శ్రీలంక దక్షిణపు మూల చుట్టి రావాలి. సరిగ్గా అక్కడే నీలి తిమింగలాలు మేతకు చేరతాయి. శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ వంటివాళ్లు ఏళ్ల తరబడి అక్కడ తిరిగి, దారి దక్షిణానికి కొద్దిగా జరిపితే చాలని చెబుతూ వచ్చారు. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద ఓడల కంపెనీ, ఎవరూ చట్టం చేయకముందే, తన ఓడలను ఇంకా దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. అక్కడ కూడా పని చేసింది పటం మీది చుక్కలే.

మన తీరంలో ఆ చుక్కలు చాలా తక్కువ. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి దాదాపు 25 అడుగుల నీలి తిమింగలం కొట్టుకొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల జనం చూడటానికి తరలివచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, పత్రికల్లో వచ్చింది. ఫోటో ఒక్కటే చాలదు. వీపు మీద కోతలున్నాయా, దవడ విరిగిందా, ఒంటి మీద తాళ్ల గుర్తులున్నాయా అని దగ్గరగా చూసి రాసుకున్న కాగితం ఉంటే అదొక చుక్క అవుతుంది. మద్రాసు విద్యార్థులు 1988 నుంచి రాత్రిపూట ఇసుకలో నడుస్తూ చచ్చిన తాబేళ్లను, గుడ్లను లెక్కపెడుతున్నారు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో తాబేళ్ల కళేబరాలు వచ్చినప్పుడు అది మామూలు ఏడు కాదని గట్టిగా చెప్పగలిగామంటే, అన్నేళ్ల లెక్క చేతిలో ఉండబట్టే. డాల్ఫిన్ల విషయంలో అటువంటి నడక ఇంకా మొదలుకావాలి.

కళాసీ మళ్లీ గుర్తొస్తాడు. నీళ్లలో నెత్తురు చూసిన సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "చెప్తే కేసు పెడతారేమో అని బయం బాబూ." 1972 నాటి వన్యప్రాణి చట్టంలో డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ అత్యున్నత రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఉండాలి కూడా. కానీ వేటాడిన వాడికీ, అనుకోకుండా తగిలి మనసు కలత చెందిన వాడికీ తేడా చూడకపోతే రెండోవాడు ఇక నోరు విప్పడు. న్యూఫౌండ్‌లాండ్ జాలర్లు జాన్ లీన్‌ను పిలిచారంటే ఆయన కేసు పెట్టడానికి రాలేదు కాబట్టే. మత్స్యశాఖ, అటవీశాఖ రెండూ కలిసి, పేరు అడగకుండా విషయం మాత్రం రాసుకునే ఏర్పాటు చేస్తే, ఖర్చు ఒక నోటు పుస్తకం.

ఇక చివరి మాట హైదరాబాదుకు. అక్కడ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. నీటి వేడిని, పచ్చని నాచును ఉపగ్రహాలతో చూసి, చేప ఎక్కడ చేరుతుందో తెలుగులో, తమిళంలో, ఇతర తీర భాషల్లో జాలర్లకు రోజూ చెబుతుంది. చిన్న పడవల కోసం ప్రత్యేకంగా అలల హెచ్చరికలు ఇస్తుంది. ఆ సందేశం నెట్టుకుప్పం ఫోన్ల దాకా చేరుతుంది. చేప ఎక్కడ చేరుతుందో అక్కడికే డాల్ఫిన్లూ చేరతాయి, పడవలూ చేరతాయి. చేప ఉన్న చోటు చెప్పే సందేశమే పడవనూ డాల్ఫిన్‌నూ ఒకచోట కలుపుతోంది. అదే సందేశంలో ఇంకొక్క వాక్యం చేర్చమని మనవి: "ఈ చోట డాల్ఫిన్లు ఉండవచ్చు, ఇంజను తగ్గించండి, పంకా పైకెత్తడానికి సిద్ధంగా ఉండండి, కనిపిస్తే చెప్పండి." విశాఖ జాలరి చెప్పిన పేరును ఎలియట్ రాసుకుని నూట డెబ్బై ఏళ్లయింది. ఇప్పుడు నెట్టుకుప్పం జాలరి చెప్పేది కూడా ఎవరైనా రాసుకోవాలి. ఈ వ్యాసం చదివినవాళ్లలో తీరప్రాంతం వాళ్లుంటే, మీ ఇసుక మీదికి డాల్ఫినో తిమింగలమో కొట్టుకొస్తే, బతికుంటే తడి గుడ్డ కప్పి, ఊపిరి రంధ్రం మూసుకుపోకుండా చూసి, అటవీశాఖకు ఫోన్ చేయండి. చచ్చి ఉంటే తేదీ, చోటు, పొడవు, ఒంటి మీది గాట్లు రాసి వాళ్లకే ఇవ్వండి.